పెద్ద వాగు నుంచి పచ్చ కొండకి

మస్కట్‌లో వాడి కబీర్ అనగానే ఇక్కడి తెలుగువాళ్ళకి గుర్తొచ్చేవి ఇండియన్ స్కూలు, వరసగా ఉండే కార్ల షెడ్లు, ఒకప్పటి శుక్రవారం సంత. రువీ పక్కనే, గోధుమరంగు రాతి కొండల మధ్య ఇరుక్కున్నట్టుండే పేట ఇది. అరబ్బీలో వాడి అంటే వాగు, కబీర్ అంటే పెద్దది. పేరుకి పెద్ద వాగు గానీ, గట్టి వాన పడిన రోజున తప్ప ఇక్కడ నీళ్ళు కనబడవు. మా నాయన వచ్చిన మర్నాడే బాల్కనీలోంచి చూసి, "ఏందమ్మా, పెద్ద వాగు అంటివి, సుక్క నీళ్ళు ల్యావు గదా" అన్నాడు.

ఇండియా నుంచి మూడు నెలల వీసా మీద వచ్చే అమ్మానాన్నల దినచర్య మీ అందరికీ తెలిసిందే. మనం ఆఫీసుకి, పిల్లలు బడికి పోతారు. వాళ్ళు టీవీ ముందు, లేకపోతే బాల్కనీలో. సాయంత్రం ఎండ తగ్గాక బిల్డింగు చుట్టూ నాలుగు ప్రదక్షిణలు. సెలవు రోజుల్లో చూపించే జాబితా కూడా అందరి ఇళ్ళలోనూ ఒకటే. దర్సైత్ కృష్ణుడి గుడి, పాత మస్కట్ శివాలయం, సుల్తాన్ ఖాబూస్ గ్రాండ్ మసీదు, మత్రా సముద్రపు ఒడ్డు. కాస్త వీలైతే దుబాయికి ఒక పరుగు. అదంతా నెలలో అయిపోతుంది. మిగతా రెండు నెలలూ వాళ్ళు క్యాలెండరు వంక చూస్తూ ఉంటారు.

ఇటలీలో కొండల మీది పాత ఊళ్ళని చూపించడానికి పెద్దవాళ్ళ కోసమే నడిపే యాత్రలుంటాయి. పది పదిహేను మందికి మించరు. రోజుకో హోటలు మార్చరు. ఒకచోట రెండు మూడు రాత్రులుండి, రోజుకి ఒక ఊరు చూసి వస్తారు. అక్కడి కొన్ని ఊళ్ళలో మోకాళ్ళ కష్టం తెలియకుండా సౌకర్యాలు కూడా ఉన్నాయి. ఓర్వియేతో కొండ ఎక్కడానికి తాడుతో లాగే చిన్న రైలు ఉంది, పెరూజాలో పాత కోట లోపలి నుంచే ఎస్కలేటర్లు పైకి పోతాయి. మావారి ఆఫీసులో రిటైరవబోతున్న ఒకాయన అలాంటి యాత్రకి వెళ్ళొచ్చి గంటసేపు వర్ణించి చెప్పారు. మావారు ఇంటికొచ్చి, "కొండలూ పాత ఊళ్ళూ మనకీ ఉన్నాయిగా, గంటన్నర ప్రయాణంలో" అన్నారు.

నిజమే. మస్కట్ వెనక హజర్ పర్వతాలున్నాయి. వాటిలో జబల్ షమ్స్ శిఖరం 3,000 మీటర్ల ఎత్తు. ఆ కొండల ఒళ్ళో నిజ్వా, బహ్లా, అల్ హమ్రా, మిస్ఫా లాంటి మట్టి ఊళ్ళు. మేం ఇక్కడికొచ్చి పదకొండేళ్ళయింది. ఆ ఊళ్ళన్నీ చూశాం కూడా, కానీ ఒక్క రోజులో మూడు కోటలు చుట్టేసి, ఫోటోలు దిగి, రాత్రికి ఇల్లు చేరే పద్ధతిలో.

ఈసారి పెద్దవాళ్ళ నడకకి తగ్గట్టు వేశాం ప్రణాళిక. మా అమ్మా నాయనా, కింది అంతస్తులో ఉండే స్నేహితురాలి తల్లి, కరీంనగర్ నుంచి వచ్చిన రిటైర్డు మాస్టారు, ఆయన భార్య, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన బాబాయిగారు. మొత్తం ఆరుగురు. అందరూ అరవై ఎనిమిది దాటినవాళ్ళే. స్నేహితురాలి తల్లిది కడియం, ఆవిడని మేమంతా పిన్నిగారు అంటాం. వాళ్ళతో నేనూ మావారూ. ఒక మలయాళీ డ్రైవరుతో వ్యాను మాట్లాడుకున్నాం. గురువారం పొద్దున బయలుదేరి ఆదివారం రాత్రికి తిరిగి రావడం. మూడు రాత్రులూ నిజ్వాలోనే, కింది అంతస్తు గదుల్లో. పొద్దున ఒక చోటు, సాయంత్రం ఒక చోటు, మధ్యలో అన్నం తిని రెండు గంటలు నడుం వాల్చాలి. ఇదొక్కటే నియమం.

బయలుదేరే ముందు ఒక సంగతి చెప్పాలి. నాయన ఈసారి పెట్టెలో ఆవకాయ జాడీతో పాటు ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చాడు. మా ఊరు కడప జిల్లాలో, పోరుమామిళ్ళకి దగ్గర. మా ఊరి చెరువు కింద మాకు ఎకరా ఇరవై సెంట్లు ఉంది. చెరువు పూడిపోయింది, బోరు ఎండిపోయింది, మూడేళ్ళుగా అక్కడ పంట లేదు. అమ్మేద్దామని తమ్ముడు అంటున్నాడు. ఆ కాగితాల మీద నా సంతకం కూడా కావాలి. వచ్చిన రోజే కవరు బీరువాలో పెట్టి, "పొయ్యేలోపల సూడు" అన్నాడు నాయన. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఇంకోసారి ఇంత దూరం రానని మాత్రం రెండుసార్లు అన్నాడు.

మస్కట్ దాటి సుమాయిల్ కనుమలోకి రాగానే రోడ్డుకి రెండు వైపులా కొండలు దగ్గరికొస్తాయి. ఒక్క పచ్చని మొక్క ఉండదు. పిన్నిగారు, "ఇదేంటమ్మా, దేవుడు ఈ కొండలకి బట్టలు కట్టడం మర్చిపోయాడా" అని నవ్వించారు. గంటన్నర తర్వాత బిర్కత్ అల్ మౌజ్ దగ్గర ఆగాం. ఆ పేరుకి అరటి కొలను అని అర్థం. ఎండిన కొండ కింద ఒక్కసారిగా ఖర్జూరపు తోటలు, వాటి కింద అరటి చెట్లు, పైన వాలు మీద జనం వదిలేసిన మట్టి ఇళ్ళు. ఊరి మధ్యలోంచి రాతి కాలువలో మోకాలి లోతున నీళ్ళు పారుతున్నాయి.

ఆ కాలువని ఫలజ్ అంటారు. ఇక్కడిదాని పేరు ఫలజ్ అల్ ఖత్మైన్. కొండ పాదం దగ్గర లోతుగా ఒక తల్లి బావి తవ్వుతారు. అక్కడి నుంచి భూమి లోపల సొరంగం తవ్వుకుంటూ, కొద్దికొద్దిగా వాలు ఇచ్చుకుంటూ వస్తారు. ఊరి దగ్గరకొచ్చేసరికి నీరు దానంతటదే నేల మీదికి వస్తుంది. మోటారు లేదు, ఏతం లేదు. ఊటల నుంచి, వాగుల నుంచి నీళ్ళు తెచ్చే ఫలజులు కూడా ఉన్నాయి. ఒమన్‌లో ఇప్పటికీ సుమారు 3,000 ఫలజులు పని చేస్తున్నాయి. వాటిలో ఐదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. ఖత్మైన్ ఆ ఐదింటిలో ఒకటి, నిజ్వాలోని ఫలజ్ దారిస్ ఇంకొకటి.

నాయన చెప్పులు విడిచి గట్టు మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టాడు. మేం పులిహోర పొట్లాలు విప్పి తినేసి, పెరుగన్నం కూడా ముగించాం. ఆయన మాత్రం లేవలేదు. నీళ్ళు ఎటు నుంచి వస్తున్నాయి, ఎటు చీలుతున్నాయి, మడవ ఎక్కడుంది అని చూస్తూనే ఉన్నాడు. మామూలు యాత్రయితే, "పద నాయనా, ఆలస్యమైపోతోంది" అనేదాన్ని. ఆ రోజు ఇంక చూడాల్సింది సాయంత్రం ఒక్క కోటే కాబట్టి తొందరే లేదు.

నిజ్వా కోటని కట్టించింది ఇమాం సుల్తాన్ బిన్ సైఫ్ అల్ యారుబీ. 1650లో పోర్చుగీసువాళ్ళని మస్కట్ నుంచి తరిమేసింది కూడా ఆయనే. పెద్ద గుండ్రటి బురుజు, దాన్ని కట్టడానికి 12 ఏళ్ళు పట్టిందంటారు. ఫిరంగులు పేలినప్పుడు అదురు తట్టుకోవడానికి బురుజు కింది భాగమంతా మట్టీ రాళ్ళూ నింపేశారు. పైకి వెళ్ళే మెట్లు వంకరలు తిరుగుతాయి. ప్రతి వంకర దగ్గరా ఒక తలుపు, తలుపు నెత్తిన ఒక కన్నం. శత్రువు వస్తే ఆ కన్నంలోంచి మరిగే ఖర్జూరపు పాకం పోసేవారట. మాస్టారు భార్య ఆ మాట విని, "పాకం గింత గనం కాగబెట్టి మనుషుల మీద పోసుడేంది, అరిసెలు చేసుకోక" అన్నారు. ఆవిడా అమ్మా బాబాయిగారూ మెట్లు ఎక్కలేదు. కింద ముంగిట్లో బల్ల మీద కూర్చుని, గాలికి ఎండ పొద్దు మళ్ళడం చూస్తూ కబుర్లు చెప్పుకున్నారు. పైకి ఎక్కినవాళ్ళం కిందికి వచ్చి ఏం చూశామో చెప్పాం. ఎక్కలేదన్న బాధ ఎవరికీ కలగలేదు. బృందం చిన్నదైతే ఈ వెసులుబాటు ఉంటుంది. సగం మంది ఆగిపోయినా ఎవరి యాత్రా చెడదు.

శుక్రవారం పొద్దున్నే మేకల సంత. కోట పక్కనే, కప్పు కింద గుండ్రటి అరుగు. దాని చుట్టూ కొనేవాళ్ళు కూర్చుంటే, అమ్మేవాళ్ళు మేకల్నీ గొర్రెల్నీ తాళ్ళతో పట్టుకుని ధర అరుస్తూ చుట్టూ తిప్పుతారు. ఎవరైనా చెయ్యెత్తితే ఆగి, జంతువుని చూపించి, బేరం కుదరకపోతే మళ్ళీ నడుస్తారు. వ్యానులో నిద్రపోవడం తప్ప మాట్లాడని బాబాయిగారు ఇక్కడ మేలుకున్నారు. ఆయన పశువైద్య శాఖలో ముప్ఫై ఏళ్ళు పని చేసిన మనిషి. "అదిగో, ఆ నల్లది సూలుతో ఉంది. ఆ పక్కది ముసిల్ది, పళ్ళు సూడండి" అంటూ మాకు చెబుతుంటే, పక్కన కూర్చున్న ఒక ఒమనీ పెద్దాయన ఆసక్తిగా చూశాడు. భాష తెలియకపోయినా చేతులతోనే ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారు. చివరికి ఆ పెద్దాయన ఒక మేకని కొన్నాడు. బాబాయిగారు తలూపినదే కొన్నాడని మా నమ్మకం.

తర్వాత బజారులో హల్వా దుకాణం. ఒమనీ హల్వాలో గంజి పొడి, పంచదార, నెయ్యి, కుంకుమపువ్వు, యాలకులు, గులాబీ నీళ్ళు ఉంటాయి. పెద్ద రాగి పాత్రలో గంటలకొద్దీ తిప్పుతారు. కూర్చోబెట్టి, చిన్న చెంచాతో హల్వా, చెవి లేని చిన్న కప్పులో కాఫీ ఇచ్చారు. కప్పు ఖాళీ అయితే మళ్ళీ నింపుతూనే ఉంటారు. చాలనుకుంటే కప్పుని కొంచెం అటూ ఇటూ ఊపి ఇవ్వాలి. ఈ సంగతి తెలిసేలోపు మాస్టారు ఐదు కప్పులు తాగారు. బాబాయిగారు మాడుగుల హల్వాతో పోల్చి, మాడుగులకే మార్కులు ఎక్కువ వేశారు. మా శాకాహారుల భోజనానికి ఏ ఇబ్బందీ రాలేదు. ఇక్కడ ప్రతి చిన్న ఊళ్ళోనూ మలయాళీల కాఫీ షాపు ఉంటుంది, పరోటా, పప్పు, చపాతీ దొరుకుతాయి. లబన్ అని చల్లటి మజ్జిగ సీసాలు ప్రతి కిరాణా కొట్లోనూ ఉంటాయి. వాటిని చూశాక అమ్మ ముఖం వికసించింది. ఆ మధ్యాహ్నం మాటిచ్చినట్టే రెండు గంటలు అందరూ పడుకున్నారు.

శనివారం పొద్దున జబ్రీన్. దీన్ని కోట అనడం కంటే మేడ అనడం నయం. నిజ్వా బురుజు కట్టించిన ఇమాం కొడుకు బిల్అరబ్ బిన్ సుల్తాన్ 17వ శతాబ్దం రెండో సగంలో కట్టించుకున్నాడు. పైకప్పు దూలాల నిండా రంగుల లతలు. కింద ఖర్జూరాల కొట్టు. పళ్ళ బస్తాలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే ఆ బరువుకి పాకం కారి నేల మీది కాలువల్లోకి చేరుతుంది. పైన పిల్లలు చదువుకున్న గదులు. మాస్టారు ఆ గదుల్లోనే ఎక్కువసేపున్నారు. బిల్అరబ్ సమాధి కూడా ఈ మేడలోనే ఉంది. సొంత తమ్ముడు సైఫ్ రాజ్యం కోసం చుట్టుముట్టి ఉండగా ఆయన ఇక్కడే చనిపోయాడు. తర్వాత ఇమాం అయిన ఆ సైఫే ఎన్నో ఫలజులు బాగు చేయించి, వేలాది ఖర్జూరపు చెట్లు నాటించాడు. ఇదంతా మాస్టారు చదివి చెబితే నాయన కాసేపు ఆలోచించి, "అన్న మిద్దె కట్టినాడు, తమ్ముడు కాలవ తవ్వినాడు. తమ్ముడు సేసిన పనే నిలిచింది గదప్పా" అన్నాడు. అన్నదమ్ముల విషయంలో న్యాయం ఎటుందో మాస్టారూ ఆయనా వ్యానులో చాలాసేపు వాదించుకున్నారు.

బహ్లాలో కోట లోపలికి వెళ్ళలేదు, బయటి నుంచే చూశాం. మట్టి ఇటుకల కోట అది. 1987లో ఒమన్ నుంచి ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన మొదటి చోటు. మరుసటి ఏడాదే ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో పడి, ఏళ్ళ తరబడి మరమ్మతులు జరిగాక 2004లో బయటపడింది. గోడ మెత్తి ఉన్న తీరు చూసి అమ్మ, "ఇందులో గడ్డి కలిపినారు, సూడు. మేమూ గోడలకి ఇట్లే మెత్తేటోళ్ళం. ఏడాదికి ఒకసారి మెత్తకపోతే ఏ గోడా నిలబడదు" అంది. ఈ కోటని నిలబెట్టడానికి ఇన్నేళ్ళు ఎందుకు పట్టిందో నాకు ఆ మాటతో అర్థమైంది.

సాయంత్రానికి మిస్ఫా అల్ అబ్రియీన్ చేరాం. అల్ హమ్రా మీది కొండలో, పెద్ద పెద్ద బండల మీదే ఇళ్ళు కట్టుకున్న ఊరు. ఇళ్ళ కింద మెట్లు మెట్లుగా తోటలు. ఐక్యరాజ్య సమితి పర్యాటక సంస్థ 2021లో ప్రకటించిన ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితాలో ఈ ఊరు ఉంది. సందుల్లో మెట్లు చాలా ఎక్కువ. అందుకని ఊరంతా తిరగాలన్న ఆలోచన మానుకుని, ఊట నీళ్ళు చేరే తొట్టె దాకా మాత్రమే నెమ్మదిగా దిగాం. అక్కడ నీడలో కూర్చున్నాం.

కాసేపటికి చేతికర్రతో ఒక ముసలాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. ఒమన్‌లో పెద్ద వయసు వాళ్ళకి హిందీ ఎంతో కొంత వస్తుంది. మాస్టారిది కరీంనగర్ ఉర్దూ. ఇద్దరికీ క్షణాల్లో కలిసింది. నాయన అడగడం, మాస్టారు ఉర్దూలో చెప్పడం, ఆయన జవాబిస్తే మళ్ళీ తెలుగులోకి మార్చడం. గంట పైనే సాగింది.

నీళ్ళు ఊళ్ళోకి రాగానే మొదట తాగడానికి, తర్వాత మసీదుకి, ఆ తర్వాత స్నానాలకి. అవన్నీ దాటాకే తోటలకి. తోటలకి వంతులు గంటల లెక్కన. ఒక వంతుని అథర్ అంటారు, సుమారు అరగంట. పూర్వం పగలు కర్ర నీడని బట్టి, రాత్రి నక్షత్రాలని బట్టి లెక్క కట్టేవారు, ఇప్పుడు చేతి గడియారం. ఒకరి వంతు కొడుకులకీ కూతుళ్ళకీ వస్తుంది. అమ్ముకోవచ్చు, కౌలుకివ్వచ్చు. కొన్ని వంతులు ఎవరివీ కావు, ఫలజ్‌వే. వాటిని వేలం వేసి, ఆ డబ్బుతో పూడిక తీస్తారు. లెక్కలు చూడటానికి ఊరివాళ్ళు నమ్మిన ఒక మనిషి ఉంటాడు.

"మా ఊర్లో నీరుగంటి ఉండేటోడు" అన్నాడు నాయన. మడవ తీసేదీ కట్టేదీ అతనే. పంట ఇంటికొచ్చాక కళ్ళంలోనే అతనికి ధాన్యం కొలిచేవాళ్ళు. చెరువు మరమ్మతుకి ఇంటికో మనిషి పలుగూ పారా పట్టుకుని పోయేవాళ్ళు. దాన్ని కుడిమరామత్తు అనేవారు. పోరుమామిళ్ళ చెరువు గట్టున 1369 నాటి శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు కట్టించినప్పుడు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు రెండేళ్ళు పని చేశారని అందులో రాసి ఉంది. మంచి చెరువుకి ఉండాల్సిన పన్నెండు లక్షణాలు, ఉండకూడని ఆరు దోషాలు కూడా ఉన్నాయి. ఆ శాసనం గురించి నాయన ఇంత చెప్పగలడని నాకు తెలియదు. ఎప్పుడూ చెప్పలేదు. అంతసేపు కూర్చుని వినే సమయం మా ఇంట్లో ఎవరికీ ఎప్పుడూ దొరకలేదు.

చివరికి నాయన ఒక ప్రశ్న అడిగాడు. "ఊరిడిసి పోయినోళ్ళ వంతు ఏమైతాది?"

మాస్టారు అడిగారు. ముసలాయన నవ్వాడు. ఆయన పిల్లలు ముగ్గురూ మస్కట్‌లోనే ఉద్యోగాలు చేస్తున్నారట. వాళ్ళ వంతు నీళ్ళు పక్క తోటవాడికి కౌలుకిచ్చారు. వంతు మాత్రం వాళ్ళ పేరునే ఉంది. సెలవులకి వచ్చినప్పుడు మనవలు ఇదే తొట్టెలో ఈదుతారు. "నీళ్ళు పారుతున్నంతకాలం వంతు ఉంటుంది. నీళ్ళు ఆగిపోతే అమ్ముకోవడానికి కూడా ఏమీ ఉండదు" అన్నాడు. మాస్టారు ఆ మాటని తెలుగులో చెప్పాక నాయన ఏమీ మాట్లాడలేదు. ముసలాయన తన తోటలోంచి నాలుగు నిమ్మకాయలు తెప్పించి అమ్మ చేతిలో పెట్టాడు.

ఆదివారం జబల్ అఖ్దర్. అంటే పచ్చ కొండ. బిర్కత్ అల్ మౌజ్ దగ్గర పోలీసు చెక్‌పోస్టు ఉంది. నాలుగు చక్రాలకీ శక్తి అందే బళ్ళని తప్ప పైకి వదలరు. మా వ్యాను కిందే ఉంచి, ఒమనీ డ్రైవర్లతో రెండు జీపులు మాట్లాడుకున్నాం. పైన సైఖ్ పీఠభూమి 2,000 మీటర్ల ఎత్తు. మస్కట్ కంటే పది పన్నెండు డిగ్రీలు తక్కువ. శాలువాలు బయటికొచ్చాయి. లోయ అంచున ఒక చోటుని డయానా పాయింట్ అంటారు, 1986లో బ్రిటన్ యువరాణి డయానా వచ్చి చూసిన చోటు.

ఏప్రిల్ మొదట్లో అక్కడ గులాబీల కాలం. అల్ ఐన్ ఊరి దగ్గర కొండ వాలుని మెట్లుగా చెక్కి గులాబీలు వేశారు. పొద్దున్నే కోసిన రేకుల్ని మట్టి పొయ్యి మీద పాత్రలో వేసి, లోపల చిన్న గిన్నె పెట్టి, పైన చన్నీళ్ళ పాత్ర మూతగా పెడతారు. ఆవిరి చల్లబడి గిన్నెలోకి చుక్కలుగా పడుతుంది. కట్టెల పొగ వాసన కలిసిన ఆ గులాబీ నీళ్ళు పిన్నిగారు అరచేతిలో వేసుకుని వాసన చూసి, "ఇది పన్నీరే కదమ్మా! మా పెళ్ళిలో పన్నీటి బుడ్డితో చల్లింది ఇదే" అన్నారు. ఆవిడ పుట్టిందీ పెరిగిందీ కడియం నర్సరీల మధ్య. కొమ్మ ఎక్కడ కత్తిరించారో చూశారు, మొదట్లో మట్టి వేలితో తీసి నలిపి చూశారు, మొక్కకీ మొక్కకీ ఎడం అడుగులతో కొలిచారు. భర్త పోయిన ఈ ఏడాదిన్నరలో అమ్మ ఇన్ని మాటలు మాట్లాడటం వినలేదని, నేను పంపిన వీడియో చూసి ఆవిడ కూతురు ఫోనులో అంది.

మీరెవరైనా ఇలాంటి యాత్ర వేయాలనుకుంటే, మాకు పనికొచ్చిన కొన్ని సంగతులు చెబుతాను. ఎనిమిది మందికి మించకండి. బస ఒక్కచోటే పెట్టుకోండి. గంటన్నరకోసారి బాత్రూం ఉన్న పెట్రోలు బంకు దగ్గర ఆగండి, ఎవరూ అడగనక్కర లేకుండానే. మడత స్టూళ్ళు నాలుగు వెంట ఉంచండి. మందుల డబ్బాలు ఎవరివి వారి చేతి సంచిలోనే ఉండాలి. కొండ ఎక్కే ముందు గుండె, బీపీ సమస్యలున్న వాళ్ళు డాక్టరుని ఒకసారి అడగండి. శుక్రవారం మధ్యాహ్నం ప్రార్థన వేళలో ఏదీ చూడాలనుకోకండి. ఊళ్ళలో భుజాలూ మోకాళ్ళూ కప్పే బట్టలు వేసుకోండి. మన పెద్దవాళ్ళకి ఎలాగూ అలవాటే. అన్నిటికన్నా ముఖ్యం, ఎవరైనా ఒకచోట కూర్చుండిపోతే లేపకండి. మా యాత్రలో గుర్తుండిపోయినవన్నీ అలా కూర్చుండిపోయిన చోట్లే.

మే నెలలో నాయనా అమ్మా తిరిగి వెళ్ళారు. వెళ్ళే ముందు రోజు నాయన బీరువాలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, నాకు చూపించకుండానే పెట్టెలో బట్టల కింద పెట్టాడు. నేనూ అడగలేదు. ఊరెళ్ళాక ఆయన చెరువుకి నీళ్ళు తెచ్చే వంక ఎక్కడ పూడిందో చూడటానికి ఇద్దరు ముసలివాళ్ళని వెంటేసుకుని వెళ్ళాడని అమ్మ చెప్పింది. అది అయ్యే పనో కాదో తెలియదు. వాళ్ళ మాట వినే కుర్రవాళ్ళు ఊళ్ళో తక్కువే. అమ్మకం ఆగిపోయినందుకు తమ్ముడు నాతో ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు. మాస్టారు మాత్రం అక్టోబరులో మళ్ళీ వస్తున్నారు. పచ్చ కొండ మీద దానిమ్మల కాలం అప్పటికి చివరికొస్తుంది. అయినా సరేనని, అదే డ్రైవరుకి ఇప్పుడే చెప్పి పెట్టాం.